ప్లూటోను పంతొమ్మిది అడుగులు వెనక్కి నడిపించాను: ఒక సౌరకుటుంబం యాప్‌పై నా ఆడిట్

ఈ యాప్ కొని నాలుగు నెలలైంది. పేరు చెప్పను. తయారుచేసినవాళ్లతో ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి, మధ్యలో బజారున పడేయడం నా పద్ధతి కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆడిట్ చేసి రిటైరైన దాన్ని. ఏ పుస్తకం ఇచ్చినా ముందు అట్ట చూడను, చివరి మొత్తం చూస్తాను. ఆ అలవాటుతోనే ఈ యాప్‌నూ చూశాను.

అయితే అట్ట బాగుందని ఒప్పుకోవాలి. నెప్ట్యూన్ అవతలి మంచు ప్రపంచాలను ఇంత శ్రద్ధగా చూపించిన యాప్ నాకు ఇంతకుముందు దొరకలేదు. మిగతావన్నీ శని వలయాల దగ్గరే అలసిపోతాయి. ఇందులో ఆర్కస్ ఉంది, ఇక్సియాన్ ఉంది, హూయా ఉంది, కోడిగుడ్డులా సాగిన హౌమియా ఉంది. ఒక్కో దాని మీద వేలు పెడితే చిన్న చీటీ తెరుచుకుంటుంది: ఎప్పుడు కనిపెట్టారు, సూర్యుడి చుట్టూ తిరగడానికి ఎన్నేళ్లు పడుతుంది, నెప్ట్యూన్‌తో దానికి ఏమిటి సంబంధం. కింద కాలాన్ని ముందుకూ వెనక్కూ జరిపే పట్టీ ఉంది. యాభై వేల ఏళ్లు ఇటు, యాభై వేల ఏళ్లు అటు. నా చిక్కంతా ఆ పట్టీతోనే వచ్చింది.

మొదలుపెట్టింది నా మనవరాలు. తొమ్మిదో తరగతి చదువుతోంది. తెర మీద ప్లూటో దారి నెప్ట్యూన్ దారిని అడ్డంగా దాటడం చూసి, "అమ్మమ్మా, ఇవి గుద్దుకోవా?" అంది. న్యాయమైన ప్రశ్న. 1979 ఫిబ్రవరి నుంచి 1999 ఫిబ్రవరి దాకా ఇరవై ఏళ్లు సూర్యుడికి నెప్ట్యూన్‌కన్నా ప్లూటోయే దగ్గరగా ఉంది. ఆ రోజుల్లో బడిలో గ్రహాల వరుస చెప్పించుకున్న పిల్లలు చివరి రెండింటినీ తారుమారు చేసి చెప్పినా నిజానికి తప్పు కాదు, మార్కులు మాత్రం పోయి ఉంటాయి. నేను చీటీ చదివి వినిపించాను. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోగా ప్లూటో రెండు చుట్లు తిరుగుతుందనీ, ఈ 3:2 అనునాదం వల్ల రెండూ ఎన్నటికీ దగ్గరకు రావనీ అందులో ఉంది.

"అయితే తిప్పి చూద్దాం" అంది.

1989 సెప్టెంబరు దగ్గర మొదలుపెట్టాం. ప్లూటో సూర్యుడికి అతి దగ్గరగా, అంటే పరిహేళిలో ఉన్న సమయం అది. అప్పటికి నెప్ట్యూన్ దానికి సుమారు 57 డిగ్రీలు ముందుంది. అక్కడి నుంచి ప్లూటో రెండేసి చుట్ల చొప్పున వెనక్కి జరుపుతూ వచ్చాం. ప్రతి అడుగులోనూ ప్లూటో మళ్లీ పరిహేళిలోనే ఉంటుంది, నెప్ట్యూన్ ఎక్కడుందో మాత్రం కాగితం మీద రాసుకోవాలి. 57. తర్వాత 54. తర్వాత 51. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఏ చిట్టాలోనైనా తేడా ఒక నెల అటు, ఒక నెల ఇటు ఉంటే ఊరుకుంటాను. ప్రతి నెలా ఒకే దిక్కుకు ఒకే మొత్తం పోతూ ఉంటే కుర్చీలోంచి లేస్తాను. పద్దెనిమిదో అడుగుకు రెండు డిగ్రీలు. పంతొమ్మిదో అడుగులో, అంటే సుమారు 9,400 ఏళ్ల వెనక, పై నుంచి చూస్తే ప్లూటో చుక్క మీద నెప్ట్యూన్ చుక్క ఎక్కి కూర్చుంది.

చీటీలో "ఎన్నటికీ దగ్గరకు రావు" అన్న వాక్యం పక్కనే వెలుగుతోంది.

న్యాయంగా చెప్పాలంటే, తెరను పక్కకు వంచి చూస్తే రెండూ ఒకే చోట లేవు. ప్లూటో కక్ష్య 17 డిగ్రీలు వంగి ఉంటుంది, పరిహేళి సమయంలో ప్లూటో మిగతా గ్రహాల తలం కన్నా చాలా ఎత్తున ఉంటుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక మూర అనుకుంటే, ఆ యాప్ లెక్క ప్రకారం కూడా వాటి మధ్య ఎనిమిది మూరలు మిగిలాయి. కానీ అసలు సౌరకుటుంబంలో వాటి మధ్య దూరం సుమారు 17 మూరలకు తగ్గదు. యురేనస్‌కు మాత్రం ప్లూటో 11 మూరల దాకా దగ్గరవుతుంది, దారులు దాటుకునేది నెప్ట్యూన్‌తో, పొరుగు సంబంధం యురేనస్‌తో! ఇంకో తమాషా ఏమిటంటే, నెప్ట్యూన్‌కూ ప్లూటోకూ మధ్య ఆ కనీస దూరం దారులు దాటుకునే చోట రాదు. ప్లూటో సూర్యుడికి అతి దూరంగా ఉండే చోటు, అంటే అపహేళి దగ్గర్లో ఉన్నప్పుడు వస్తుంది.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి పది నిమిషాలు పట్టలేదు. యాప్ ప్లూటోకు 247.9 ఏళ్లు రాసింది, నెప్ట్యూన్‌కు 164.8. మొదటిదాన్ని రెండుతో గుణిస్తే 495.8. రెండోదాన్ని మూడుతో గుణిస్తే 494.4. తేడా 1.4 ఏళ్లు. అంతే సమయంలో నెప్ట్యూన్ మూడు డిగ్రీలు నడుస్తుంది. మా కాగితం మీద పడ్డ మూడు డిగ్రీలు అవే. యాప్ చేస్తున్నదేమిటంటే, ఒక్కో దానికి ఒక కక్ష్య గీసి, ఒక కాలం కట్టి, గడియారంలో ముల్లులా తిప్పడం. ఒక దాని ఆకర్షణ ఇంకో దానికి తెలియదు. నెప్ట్యూన్ లేకపోయినా ఈ యాప్‌లోని ప్లూటో ఇలాగే తిరుగుతుంది. అలాంటప్పుడు అనునాదం అన్న మాట చీటీలో ఉండగలదు గానీ బొమ్మలోకి రాలేదు.

అసలు 247.9 అన్న అంకె కూడా ఒక్క తేదీ నాటి నిల్వ. బృహస్పతి సూర్యుణ్ణే కొంచెం అటూ ఇటూ లాగుతూ ఉంటుంది కాబట్టి, సూర్యుడి నుంచి కొలిస్తే ప్లూటో కాలం కొలిచిన తేదీని బట్టి ఏడాదో రెండేళ్లో మారుతుంది. సౌరకుటుంబం మొత్తానికి బరువు మధ్యబిందువు నుంచి కొలిస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఒక రోజు గల్లాపెట్టె లెక్కను పట్టుకుని యాభై వేల ఏళ్ల ఆదాయం రాసేస్తే ఎలా ఉంటుందో, ఇది అలా ఉంది.

మరి నిజంగా జరిగేది ఏమిటి? ఇక్కడ కాస్త నిలబడతాను, ఎందుకంటే నాకు ఈ నాలుగు నెలల్లో ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

నెప్ట్యూన్ సుమారు 495 ఏళ్లకోసారి లోపలి దారిలో ప్లూటోను దాటిపోతుంది. ఆ యుతి, అంటే రెండూ సూర్యుడికి ఒకే దిక్కున కలిసే సందర్భం, సరిగ్గా అపహేళి దగ్గర జరిగితే, దాటకముందు వెనక్కి లాగినంతా దాటాక ముందుకు లాగడంతో చెల్లిపోతుంది. యుతి అపహేళి దాటాక జరిగిందనుకోండి. అప్పటికి ప్లూటో లోపలికి దిగివస్తోంది, కాబట్టి దాటిన తర్వాత వాటి మధ్య దూరం తక్కువ, ముందుకు లాగడమే గట్టిగా పడుతుంది. ముందుకు లాగితే ప్లూటో తొందరగా నడవాలి కదా అని మనకు అనిపిస్తుంది. తిరగబడుతుంది. శక్తి పెరిగిన ప్లూటో కక్ష్య పెద్దదవుతుంది, చుట్టుకు పట్టే కాలం పెరుగుతుంది, ప్లూటో ఆలస్యమవుతుంది. ఈసారి నెప్ట్యూన్ దాన్ని కాస్త ముందే అందుకుంటుంది, అంటే యుతి మళ్లీ అపహేళి వైపు జరుగుతుంది. అక్కడ ఆగదు. ఊపు మీద అవతలికి పోతుంది, అక్కడ ఇదే కథ తలకిందులుగా జరిగి ఇవతలికి వస్తుంది. ఈ ఊగిసలాట ఒకసారి పూర్తవడానికి సుమారు 20,000 ఏళ్లు.

మా కాగితం భాషలో చెప్పాలంటే, పరిహేళి సమయంలో నెప్ట్యూన్ ప్లూటోకు 90 డిగ్రీల దూరంలో ఉండాలి. ఆ 90 ఎప్పుడూ సరిగ్గా ఉండదు. సుమారు 50 దాకా తగ్గుతుంది, 130 దాకా పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. 1989లో ఉన్న 57 ఆ ఊపులో ఒక చివరకు దగ్గరగా ఉన్న అంకె. రెండు కాలాల నిష్పత్తి 1.5 అవ్వడం అనునాదం కాదు. ఆ నిష్పత్తిలో తేడా వచ్చినప్పుడల్లా తిరిగి సర్దేసే ఏర్పాటు ఉండటం అనునాదం. నేను చూసిన కంపెనీల్లో లెక్కలు పైసాతో సహా కలిసిన చోట్ల అనుమానపడ్డాను, చిన్న తేడాలు వచ్చి సర్దుకుంటున్న చోట్ల సంతకం పెట్టాను. ప్లూటోకు నేను సంతకం పెడతాను.

దీన్ని మొదట లెక్కగట్టినవాళ్లు కోహెన్, హబ్బర్డ్ అనే ఇద్దరు. 1965లో ప్రచురించారు. అమెరికా నౌకాదళపు డాల్‌గ్రెన్ ప్రయోగశాలలో నార్క్ అనే కంప్యూటర్ మీద బయటి గ్రహాలను 1,20,000 ఏళ్ల పాటు నడిపించి, ప్లూటో నెప్ట్యూన్‌ను ఎలా తప్పించుకుంటుందో చూపించారు. అప్పటికి ప్లూటోను కనిపెట్టి 35 ఏళ్లే. ఆ మాటకొస్తే, 1930లో క్లైడ్ టాంబా దాన్ని చూసినప్పటి నుంచి ఇప్పటికీ ప్లూటో ఒక్క చుట్టు పూర్తి చేయలేదు, 2178 దాకా ఆగాలి. 1846లో కనిపెట్టిన నెప్ట్యూన్ తన మొదటి చుట్టు పూర్తి చేసింది 2011లో. మనం చూసింది ఇంత, లెక్కగట్టింది అంత. అందుకే లెక్కలు చూపించే యాప్‌లో లెక్క తప్పితే నాకు కోపం వస్తుంది.

కోపం వచ్చి ఊరుకోలేదు. రీబౌండ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, హానో రైన్, షాంగ్‌ఫే ల్యూ మొదలుపెట్టినది. దాంట్లో ప్రతి గ్రహం మిగతా అన్నింటినీ లాగుతుంది. కావలసిన ప్రారంభ స్థానాలు జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవాళ్ల హొరైజన్స్ సేవలో ఎవరైనా తీసుకోవచ్చు. నేను రాసింది పాతిక వరుసల పైథాన్. మొదటిసారి వచ్చిన ఊపు పుస్తకాల్లో ఉన్నదానితో కలవలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తేలింది: ప్లూటోకు ఒక తేదీ స్థానం, నెప్ట్యూన్‌కు ఇంకో తేదీ స్థానం ఎక్కించాను. ప్రారంభ నిల్వలు వేరువేరు తేదీలవి! నా కింద పనిచేసే పిల్లలెవరైనా ఇలా చేసి ఉంటే ఏమనేదాన్నో గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. సరిచేశాక, లక్ష ఏళ్ల గీత కొద్ది నిమిషాల్లో వచ్చింది. తీరిగ్గా పైకి వెళ్తుంది, తీరిగ్గా కిందికి వస్తుంది. రీబౌండ్‌లో అందమైన బొమ్మలు లేవు, చీటీలు లేవు, ప్లూటో మీది మంచు గుండె లేదు. ఒక గీత ఉంది, ఆ గీత నిజం.

తిరిగి యాప్ సంగతి. ఇంత తిట్టాక చెబుతున్నాను కాబట్టి నమ్మండి: ఇందులో ఒక సదుపాయం డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తుంది. సెట్టింగ్‌లలో నాలుగో అరలో ఎక్కడో దాచారు. "నెప్ట్యూన్‌ను నిలబెట్టు" అన్న మీట నొక్కితే నెప్ట్యూన్ కదలకుండా ఉంటుంది, మిగతా ఆకాశమంతా దాని చుట్టూ తిరుగుతుంది. అప్పుడు ప్లూటో దారి సాదా కోడిగుడ్డు ఆకారం కాదు. బయట పెద్ద వంపులు, లోపలికి దిగిన చోట రెండు మెలికలు, ఆ మెలికలు రెండూ నెప్ట్యూన్‌కు చెరో పక్కన. నెప్ట్యూన్ ఉన్న వైపు ఖాళీ. గుద్దుకోవా అన్న ప్రశ్నకు నేను పది నిమిషాలు చెప్పినదానికన్నా ఈ ఒక్క బొమ్మ బాగా జవాబు చెప్పింది. ఆ తర్వాత ఆర్కస్‌ను పెట్టి చూశాం. 2004లో కనిపెట్టిన ఇది కూడా 3:2లోనే ఉంది, ప్లూటో ఒక వైపుంటే ఇది ఎదుటి వైపుంటుంది, కానీ మెలికల ముగ్గు అదే. మనవరాలు రెండింటికీ రెండు రంగులు వేసి ఫోను తెర మీద పెట్టుకుంది. (కాలాన్ని జరిపితే ఈ ముగ్గు మెల్లగా ఒకే దిక్కుకు గుండ్రంగా తిరిగిపోతుంది. నిజానికి ఊయలలా ఊగాలి. పాత జబ్బే.)

ఇలా 3:2లో ఉన్నవాటిని ప్లూటినోలు అంటారు. రెండింతల కాలం పట్టేవి, అంటే 2:1లో ఉన్నవి, టూటినోలు. నెప్ట్యూన్ సూర్యుడికి 30 మూరల దూరం అనుకుంటే మొదటివి 39.4 దగ్గర, రెండోవి 47.8 దగ్గర, 5:2వి 55 దాటాక. యాప్ వీటిని రంగులతో వడగట్టి చూపిస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే రంగు ఎవరికి వేయాలో తేల్చిన పద్ధతి నాకు నచ్చలేదు. కాలాల నిష్పత్తి దరిదాపుల్లో ఉంటే చాలు, రంగు పడుతుంది. దారిన పోతూ గుమ్మం ముందు ఆగినవాడినీ ఇంటివాడినీ ఒకే పద్దులో రాసినట్టు. 2008లో బ్రెట్ గ్లాడ్‌మన్ బృందం పెట్టిన పద్ధతి చూడండి: ఒక్కో వస్తువుకు పరిశీలనల ప్రకారం అన్నింటికన్నా నప్పే కక్ష్య ఒకటి, పొరపాటు హద్దుల్లో ఇటు చివర ఒకటి, అటు చివర ఒకటి, మూడు ప్రతులు తీసుకుని కోటి ఏళ్లు నడిపిస్తారు. ఊగిసలాట కనిపిస్తేనే అనునాదం అంటారు. మూడు ప్రతులూ ఒకే మాట చెబితే అది స్థిరమైన నిర్ణయం. మూడు ప్రతుల్లో రాసుకునేవాళ్లను చూస్తే నాకు వెంటనే గౌరవం కలుగుతుంది. హౌమియా లాంటివి మరీ చిక్కు. 12:7లో కొంతకాలం ఉంటుంది, జారుతుంది, మళ్లీ చిక్కుకుంటుంది. దానికి యాప్ మిగతావాటిలాగే నిశ్చింతగా రంగు వేసేసింది.

ప్లూటో చిన్న చందమామల పేజీ బాగుంది. పెద్ద చందమామ కేరన్ 6.4 రోజులకు ఒక చుట్టు, స్టిక్స్, నిక్స్, కెర్బెరోస్, హైడ్రా దాదాపు దానికి మూడు, నాలుగు, అయిదు, ఆరు రెట్లు. "దాదాపు" అన్న మాట యాప్ మర్చిపోకుండా రాసింది, అది చాలు.

నెప్ట్యూన్ వలస గురించి ఒక చిన్న కదిలే బొమ్మ కూడా ఉంది. శాస్త్రవేత్త రేణూ మల్హోత్రా 1993లో చెప్పిన మాట అది: నెప్ట్యూన్ ఇప్పుడున్న చోటికన్నా లోపల పుట్టి మెల్లగా బయటికి జరిగింది, జరుగుతూ తన అనునాదాలను చీపురులా ముందుకు నెట్టింది, ఆ ఊడ్పులో ప్లూటో చిక్కింది, చిక్కాక ప్లూటో కక్ష్య సాగుతూ పోయింది. నెప్ట్యూన్ అవతలి మంచు ప్రపంచాలుండే కైపర్ పట్టీలో, ప్లూటో, కేరన్ తర్వాత మొదట దొరికిన ఆల్బియన్‌ను జెవిట్, లూ అనే ఇద్దరు కనిపెట్టి అప్పటికి ఏడాదే. ప్లూటో ఒంటరిగా చిక్కి ఉండదు, తోటివాళ్లు ఉండాలన్నది ఆ మాటలోనే ఇమిడి ఉంది, తర్వాత వాళ్లు దొరుకుతూ వచ్చారు. బొమ్మ ముప్పై సెకన్లే. నిజంగా లెక్కగట్టి వేసినట్టుంది, చుక్కలు ఒకటొకటిగా చిక్కుకోవడం కనిపిస్తుంది. ఈ ముప్పై సెకన్లు చేసినవాళ్లకు మిగతా యాప్ ఎందుకు అప్పగించలేదో తెలియదు.

తయారీదారులకు మా కాగితం స్కాన్ చేసి పంపాను. మర్యాదగా జవాబిచ్చారు: ఫోనులో ఇన్ని వస్తువుల పరస్పర ఆకర్షణ లెక్కగట్టడం భారమట, కాలపు పట్టీ సరదాకోసమట. అది నిజమే కావచ్చు. నేను అడిగింది రెండే. ఒకటి, పట్టీని వెయ్యేళ్లకు కుదించండి. వెయ్యేళ్లలో తప్పు ఆరు డిగ్రీలు దాటదు, దాంతో నాకు పేచీ లేదు. లేదా, ఆ హద్దు దాటగానే ఇది ఊహాచిత్రమని ఒక వరుస రాయండి. పోయిన వారం వచ్చిన మార్పులో రెండూ లేవు. కొత్తగా నేపథ్య సంగీతం వచ్చింది.

అయిదుకు మూడు నక్షత్రాలు. ఒకటి చీటీలకు, ఒకటి ముప్పై సెకన్ల బొమ్మకు, ఒకటి నాలుగో అరలోని మీటకు. పిల్లలకు కొనిపెట్టవచ్చు, కాలపు పట్టీ జోలికి పోనంతవరకు. పోతారనుకోండి, అది వేరే సంగతి.

నిన్న సాయంత్రం రీబౌండ్‌లో 40 లక్షల ఏళ్లు నడిపించాను. ప్లూటో పరిహేళి ఎప్పుడూ గ్రహాల తలానికి పైవైపునే ఎందుకుంటుందో చూడాలని. విలియమ్స్, బెన్సన్ 1971లో చూపించినట్టే, పరిహేళి ఎక్కడ పడుతుందో చెప్పే కోణం కూడా 90 డిగ్రీలకు అటూ ఇటూ ఊగుతోంది, దాని ఊపుకు దాదాపు 38 లక్షల ఏళ్లు. మనవరాలు పక్కన కూర్చుని గీతంతా వేలితో వెంట నడిచి, "ఇది కూడానా!" అంది. తర్వాత ఫోను తీసి యాప్‌లో ఆ కోణం వెతికింది. దొరికింది. పట్టీని ఆ చివరి నుంచి ఈ చివరకు లాగింది. 114 డిగ్రీలు. మళ్లీ లాగింది. 114.